మొదటి అక్షరం

కాశీబుగ్గలో వైకుంఠరావు ల్యాబు ముందు లైను పొద్దున్నే మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేసేది. మందస బస్సు దిగినవాళ్ళు, కిడ్నీ జబ్బులు పీడించే ఉద్దానం ఊళ్ళ నుంచి ఆటోల్లో ఒకరి మీద ఒకరు కూర్చుని వచ్చినవాళ్ళు, అందరూ పరగడుపునే. లారీలు లేపిన దుమ్మంతా వాళ్ళ మీదే. లోపల కౌంటర్లో దోర్కాస్ పేరు అడిగేది, టైపు చేసేది, ఎంటర్ నొక్కి చేతులు ఒళ్ళో పెట్టుకునేది. తెర మీద ఇసుక గడియారం తిరుగుతూ ఉండేది. అది ఆగేదాకా ఆమె చెయ్యగలిగిందేమీ లేదు. లైనులో ఉన్నవాళ్ళకి మాత్రం గడియారం కనపడదు కదా, చేతులు ముడుచుకుని కూర్చున్న పిల్ల కనపడుతుంది. తిట్లన్నీ ఆ పిల్లకే.

వైకుంఠరావుకీ అదే కనపడింది. అద్దాల గదిలో కూర్చుని రెండు నెలలుగా చూస్తున్నాడు. చివరికి ఆ శనివారం అందరూ వింటుండగానే చెప్పేశాడు. సోమవారం కూడా లైను రోడ్డెక్కితే దోర్కాస్ ఇంటి దగ్గరే ఉండిపోవచ్చునట. శ్రీకాకుళంలో టైపింగు పాసైన అమ్మాయి ఒకర్తి సిద్ధంగా ఉందట. దోర్కాస్ తలెత్తలేదు. పక్కనే నిలబడ్డ ఢిల్లీబాబుకి కోపం వచ్చింది. అతన్ని పిలిపించింది కూడా ఆ లైను సంగతి చూడమనే.

ఢిల్లీబాబుది మందస దగ్గర పల్లె. టెక్కలిలో చదివి, విశాఖపట్నంలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి వచ్చి, పలాస స్టేషను రోడ్డులో చిన్న షాపు పెట్టుకున్నాడు. జీడిపప్పు వ్యాపారుల బిల్లింగు ప్రోగ్రాములు, స్టాకు ప్రోగ్రాములు చూసుకుంటాడు. ల్యాబు ప్రోగ్రాం అతను రాసింది కాదు. రాసినవాడు బెంగళూరు వెళ్ళి ఫోనెత్తడం మానేశాడు. ఇప్పుడు అది దిక్కులేనిదై ఢిల్లీబాబు మీద పడింది. దానికి తోడు వైకుంఠరావు టెక్కలిలో ఇంకో ల్యాబు తెరవబోతున్నాడు. ఇది బాగుచేస్తే అక్కడి పనీ నీదేనని అన్నాడు. ఢిల్లీబాబు ముందు రోజే ఇంట్లో ఆ సంగతి చెప్పేసుకున్నాడు కూడా.

శనివారం అంతా కౌంటర్ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. కుదురుగా కూర్చోవడం అతనికి చేతకాదు. కాలు ఆడిస్తూ, పెన్ను మూత తీస్తూ పెడుతూ, దోర్కాస్ వేళ్ళకేసి చూశాడు. ముందు కంప్యూటరే పాతదనుకున్నాడు, మెమరీ చాలదనుకున్నాడు. డేటాబేసుకి వెళ్ళే ప్రశ్నల్ని విడిగా పట్టి చూశాక అసలు సంగతి తెలిసింది. బిల్లు వెయ్యడం క్షణంలో అవుతోంది. రిపోర్టు తియ్యడమూ అంతే. ఆలస్యమంతా పేరుతో పాత పేషెంటుని వెతికే చోటే.

ఇంకాసేపు చూస్తే కారణం కూడా దొరికింది. ఒక ముసలాయన వచ్చి పేరు అప్పలసూరి అన్నాడు. దోర్కాస్ ఇంగ్లీషులో పి దగ్గర నుంచి కొట్టింది. తర్వాతామె నరసమ్మ అంటే ఏ దగ్గర మొదలుపెట్టింది. ప్రతి పేరుకీ అంతే. తల తీసేసి మొండెం టైపు చేస్తోంది.

ఢిల్లీబాబు నవ్వుకున్నాడు. ఫోను డైరెక్టరీలో మనిషిని వెతకాలంటే మొదటి అక్షరం పట్టుకుని ఆ పేజీకి పోతాం. మొదటి అక్షరం తెలియనివాడికి డైరెక్టరీ ఎందుకు? మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోవాల్సిందే. పాపం కంప్యూటరు ఇన్నాళ్ళూ ఆ పనే చేస్తోంది. ఉద్దానం ఊళ్ళన్నీ వచ్చి చేరిన ఆ పేర్ల గుట్టలో ప్రతి మనిషి కోసమూ గుట్టంతా తిరగేస్తోంది.

మొదటి అక్షరం ఎందుకు వదిలేస్తున్నావని అడిగాడు. దోర్కాస్ ముఖం కందిపోయింది. అలవాటైపోయిందని నెమ్మదిగా అంది. బద్ధకం అనుకున్నాడు ఢిల్లీబాబు. ఉద్యోగం పోయే పరిస్థితి తెచ్చుకుంది గానీ ఒక్క అక్షరం కొట్టడానికి చేతులు రాలేదు చూడు, అనుకున్నాడు. అనుకున్నా పైకి అనలేదు, ఆ మాత్రం మర్యాద ఉంది.

ఆదివారం దోర్కాస్ చర్చికి వెళ్ళింది. ఢిల్లీబాబు ల్యాబు తాళాలు అడిగి తీసుకుని ఒక్కడే కూర్చున్నాడు. మధ్యలో కరెంటు పోయింది, ఇన్వర్టరు కీచుమంది, మళ్ళీ వచ్చింది. పేర్లన్నిటికీ అక్షరాల వరసలో ఇండెక్సు కట్టాడు. వెతికే చోట పేరు ముందు ఉండే చుక్క గుర్తు, అంటే ముందు ఏ అక్షరమున్నా సరేననే గుర్తు, తీసేశాడు. ఇక మీదట మొదటి అక్షరం కొట్టకపోతే ఏదీ రాదు. ఒక పేరు కొట్టి చూశాడు. ఎంటర్ మీద నుంచి వేలు తీసేలోపే వచ్చింది. ఇంకోటి కొట్టాడు, ఇంకోటి. అంతా అంతే. ఖాళీ ల్యాబులో లేచి అటూ ఇటూ నడిచాడు. ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి వాచ్‌మన్ బైరాగి తప్ప ఎవరూ లేరు. బైరాగి అంతా విని, అయితే ఫ్యాను ఆపీమంటారా అన్నాడు.

సోమవారం లైను మెట్ల దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ఒకసారైతే దోర్కాస్ పేరు అడగడానికి ఎదురుగా మనిషే లేకపోయాడు. ఆమె బిత్తరపోయి అటూ ఇటూ చూసి, కళ్ళు తుడుచుకుని, బల్ల మీద కాగితాలు సర్దింది. మొదటి అక్షరం నుంచీ పేరు పూర్తిగా టైపు చెయ్యాలని ఢిల్లీబాబు ముందే చెప్పాడు. చేసింది. చేసేటప్పుడు మాత్రం ప్రతి పేరు దగ్గరా ఒక్క క్షణం వేలు గాల్లో ఆగేది. అది అలవాటు లేకనే అనుకున్నాడు. సాయంత్రం వైకుంఠరావు గదిలోంచి బయటికొచ్చి అందరికీ సమోసాలు తెప్పించాడు. శ్రీకాకుళం అమ్మాయికి ఫోను చేసి వద్దని చెప్పాడట. ఆ మాట దోర్కాస్‌కి బైరాగి చెప్పాడు.

మంగళవారం ఇంకో శుభవార్త. కొత్త పేషెంట్ల సంఖ్య ఎగిరి కూర్చుంది. వైకుంఠరావు ఆ కాగితం పట్టుకుని మురిసిపోయాడు. పని చకచకా అవుతోందని ఊళ్ళలో తెలిసిపోయిందని, అందుకే కొత్తవాళ్ళు వచ్చి పడుతున్నారని అన్నాడు. టెక్కలి పనికి వచ్చే సోమవారమే అడ్వాన్సు ఇచ్చేస్తానన్నాడు. ఢిల్లీబాబు సంతోషంగానే తలూపాడు. కానీ షాపుకెళ్ళాక పని మీద మనసు నిలవలేదు. ఒక జీడిపప్పు వ్యాపారి స్టాకు లెక్క తేలలేదని వచ్చి కూర్చుంటే అతను చెప్పేది సగమే విన్నాడు. ఉద్దానంలో కబురు అంత తొందరగా పాకుతుందా? నిన్న లైను తగ్గితే ఇవాళ్టికే కొత్తవాళ్ళు వచ్చేస్తారా? టీ తాగాడు, మళ్ళీ తాగాడు. తన పని బాగుందని తనే ఒప్పుకోలేకపోవడం ఏమిటో అతనికి అర్థం కాలేదు. మర్నాడు పొద్దున్న పిలవకుండానే ల్యాబుకి వెళ్ళాడు.

వెళ్ళేసరికి కౌంటర్ ముందు గొడవ. లైను లేదు, ఒక్కతే ఆడమనిషి. నడివయసు, ఎండకి నల్లబడ్డ ముఖం, చీర కుచ్చిళ్ళ దగ్గర ఇసుక. జీడితొక్క రసం పడి వేళ్ళ చివర్లు నల్లగా మాడి ఉన్నాయి. చేతిలో నిన్నటి రిపోర్టు.

ఆమె చెప్పినదాన్ని బట్టి సంగతి ఇది. కాళ్ళు పొంగుతున్నాయని నిన్న వచ్చి రక్తం ఇచ్చింది. రిపోర్టు తీసుకుని మేడ మీద డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన కిడ్నీ లెక్క ఎక్కువుందన్నాడు. ఇది ఎప్పటి నుంచో ఇలాగే ఉందా, ఈ మధ్య పెరిగిందా అన్నది పాత లెక్కలు చూస్తే గానీ తెలియదన్నాడు. కాగితం మీద పాత లెక్కల చోటు ఖాళీ. పైన కొత్త పేషెంటు అని అచ్చు వేసి ఉంది. ముందెప్పుడూ చేయించుకోలేదా అని ఆయన అడిగితే, ఈ ల్యాబులోనే చేయించుకున్నానంది. ఆయన కాగితం చూపించి లేదన్నాడు. సరేలే, నెల పోయాక మళ్ళీ చేయించుకుని రా, అప్పుడు పోల్చి చూద్దాం అన్నాడు. ఆ మాట పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. రాత్రంతా ఆలోచించి పొద్దున్నే బస్సెక్కింది.

"నాను కొత్తదాన్నేటి బావూ? సంకురేత్రికి ముందొకపాలి, ఎండల్లో ఒకపాలి, ఈ కుర్సీ కాడే కూకున్నాను. ఈ పిల్లే పేరు రాసుకుంది. నన్ను కొత్తదాన్నంతారేటి?"

కాగితాలన్నీ మొన్న వానకి ఇల్లు కారి తడిసి ముద్దయిపోయాయట. అయినా కంప్యూటర్లో ఉంటాయని ఈ ల్యాబులోనే చెప్పారట, అందుకని ఆమె దిగులు పడలేదట.

వైకుంఠరావు అద్దాల గది తలుపు తీసుకుని వచ్చాడు. రిపోర్టు చూశాడు. దోర్కాస్‌ని చూశాడు. ఆయనకి అంతా తెలిసిపోయినట్టే ఉంది. పాత పేషెంటుని వెతకకుండా తొందర తొందరగా కొత్తది అని కొట్టేసిందని, లైను తగ్గించుకోవడానికి ఈ పిల్ల వేసిన ఎత్తు ఇదని, నిన్న తను మురిసిన కొత్త పేషెంట్లంతా ఇలాంటివాళ్ళేనని అన్నాడు. దోర్కాస్ వెతికానని చెప్పింది. వెతికితే రాలేదని చెప్పింది. ఆమె గొంతు ఆమెకే వినపడనంత చిన్నదైపోయింది.

"కుర్చీ దిగు," అన్నాడు వైకుంఠరావు.

దోర్కాస్ లేచింది. కింద పెట్టుకున్న టిఫిను డబ్బా సంచీలో వేసుకుంది. చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూరలేదు, వంగి సర్దుకుంది. వైకుంఠరావు ఢిల్లీబాబు వైపు తిరిగి, మీ ప్రోగ్రాంలో తేడా ఏమీ లేదు కదా అన్నాడు. అడిగినట్టు లేదు, లేదని చెప్పమన్నట్టు ఉంది. తలూపితే సరిపోతుంది. ఆ పిల్ల వెళ్ళిపోతుంది, సోమవారం టెక్కలి అడ్వాన్సు వస్తుంది, ఈ ఆడమనిషి నెల పోయాక మళ్ళీ వస్తుంది.

ఢిల్లీబాబు తలూపలేదు. ఆడమనిషి వైపు తిరిగి పేరు అడిగాడు.

"సిట్టెమ్మ."

ఆ మాట చెవిన పడగానే ఢిల్లీబాబు చెయ్యి నుదుటి మీదికి పోయింది. తన ఇంట్లో మాట అది. తన మేనత్త పేరు కూడా అదే, ఇంట్లో ఎవరూ చిట్టెమ్మ అనగా అతను వినలేదు. విశాఖపట్నంలో తోటివాళ్ళు వెక్కిరిస్తే, సెప్పు అనడం మాని చెప్పు అనడం నేర్చుకోవడానికి అతనికి ఏడాది పట్టింది. అంత కష్టపడి నేర్చుకున్నవాడు ఎంత సులువుగా మరిచిపోయాడు.

ఖాళీ కుర్చీలో కూర్చుని సీ హెచ్‌తో మొదలుపెట్టి చిట్టెమ్మ అని కొట్టాడు. ఆమెది నిన్నటి రిపోర్టు ఒక్కటే వచ్చింది. కొత్త పేషెంటు. చెరిపేసి ఎస్‌తో కొట్టాడు. సిట్టెమ్మ. ఆమె ఊరు, ఆమె వయసు, సంక్రాంతికి ముందొకసారి, ఎండల్లో ఒకసారి, అన్నీ వచ్చి తెర మీద నిలబడ్డాయి.

దోర్కాస్ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. ఢిల్లీబాబు ఆమెని పిలిచి, ఇదివరకు ఈ పేర్లు ఎలా రాసేదానివి అని అడిగాడు. ఆమె వైకుంఠరావు ముఖం చూసింది. చెప్పమని ఢిల్లీబాబు మళ్ళీ అన్నాడు.

"ముందర ఆల్లు సెప్పినట్టే రాసీదాన్ని అన్నియ్యా. ఒకపాలి సారు సూసి, సిట్టెమ్మేటి, చదువుకున్నోళ్ళ ల్యాబా ఇది, పల్లెటూరి సంతా అని అందరి ముందరా కేకలేసినారు. అప్పట్నించి కొన్ని అలాగ రాసినాను, కొన్ని ఇలాగ రాసినాను. ఎలాగ రాసినానో నాకే గేపకం ఉండదు. మొదటచ్చరం కొట్టాలంటే బయమేసీది. అందుకని వదిలీసీదాన్ని."

అదీ సంగతి. బద్ధకమూ కాదు, తెలివీ కాదు. తిట్లకి భయపడి వదిలేసిన అక్షరం. ఆ భయం వల్లే ఇన్నాళ్ళూ చిట్టెమ్మలూ సిట్టెమ్మలూ ఒకే చోట దొరికారు, ఆలస్యంగానైనా. ఢిల్లీబాబు వచ్చి ఆ దారి మూసేశాడు. చెల్లమ్మలు, చామంతులు, చంద్రమ్మలు, నోటితో స అని పలికే ఊళ్ళ వాళ్ళందరూ రెండు రోజుల్లో కొత్తవాళ్ళయిపోయారు. చేసిన చెడుకి సమోసాలు కూడా తిన్నాడు.

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి. లేచి నిలబడ్డాడు. మాట్లాడబోతే నేర్చుకున్న మాట రాలేదు, ఇంటి మాటే వచ్చింది.

"తప్పు నాది సార్. ఈ పిల్ల ఎతికింది, నా ప్రోగ్రామే సూపించలేదు. అచ్చరం ఎందుకొదిలేత్తన్నావని అడిగినాను గానీ జవాబు వినలేదు నాను. ఆ కుర్సీలోంచి దిగాల్సింది ఆమె కాదు."

వైకుంఠరావు అతన్ని ఎప్పుడూ చూడనట్టు చూశాడు. తర్వాత వ్యాపారస్తుడు అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. పాత పద్ధతికి వెళితే మళ్ళీ లైను రోడ్డెక్కుతుంది కదా అన్నాడు. ఢిల్లీబాబు మధ్యాహ్నం దాకా టైమడిగాడు. ఆయన టెక్కలి ఊసెత్తకుండా గదిలోకి వెళ్ళిపోయాడు. దోర్కాస్‌ని ఉండమనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె సంచీ భుజానికి తగిలించుకునే కుర్చీ చివర కూర్చుని, వచ్చినవాళ్ళకి పేర్లు అడగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా ప్రతి పేరూ రెండు రకాలుగా కొట్టి చూసింది.

సిట్టెమ్మని కూర్చోమంటే బెంచీ మీద కూర్చుంది. బస్సుకి ఇంకా వేళ ఉందంది. దోర్కాస్ తన టిఫిను డబ్బా తీసి ఆమెకిచ్చింది. సిట్టెమ్మ వద్దంటూనే తీసుకుంది.

ఢిల్లీబాబు లోపలి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈసారి కాలు ఆడించలేదు. ప్రతి పేరు పక్కనా ఇంకో గడి పెట్టాడు. దానికి పిలుపు అని పేరు పెట్టుకున్నాడు. రిపోర్టు మీద మనిషి పేరు ఎలా రాసినా సరే, ఆ గడిలో మాత్రం ఊళ్ళో పలికినట్టే ఉంటుంది. చ అన్నది ఎక్కడొచ్చినా స అవుతుంది. స్త అన్నది త్త అవుతుంది. ఇండెక్సు ఆ గడికే కట్టాడు. కౌంటర్లో ఎవరు ఏ అక్షరం కొట్టినా ముందు దాన్ని పిలుపులోకి మార్చుకుని అప్పుడు వెతుకుతుంది. అంటే మొదటి అక్షరం ఉంటుంది, వేగమూ ఉంటుంది, తప్పు అక్షరం అంటూ ఏదీ ఉండదు. పాత పేర్లన్నీ మార్చడానికి కాసేపు పట్టింది. పని ఎంతయిందో చూపే గీత తెర మీద మెల్లగా నిండుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాడు. విశాఖపట్నంలో తను నోట్లోంచి కడిగేసుకున్న మాటని ఇప్పుడు మిషనుకి నేర్పుతున్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బయటికొచ్చి దోర్కాస్‌ని ఇప్పుడు కొట్టి చూడమన్నాడు. వైకుంఠరావు కూడా వచ్చి వెనక నిలబడ్డాడు. ఏ అక్షరం అన్నియ్యా అని దోర్కాస్ అడిగింది. నీ ఇష్టం అన్నాడు. ఆమె ముందు సీ హెచ్‌తో కొట్టింది. కళ్ళు మూసి తెరిచేలోగా సిట్టెమ్మ వచ్చింది, పాతదీ కొత్తదీ కలిపి. తర్వాత ఎస్‌తో కొట్టింది. అదే సిట్టెమ్మ. వైకుంఠరావు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. దోర్కాస్ భుజం మీది సంచీ తీసి బల్ల కింద పెట్టుకుంది.

నిన్నటి లెక్కని పాత నంబరు కిందికి చేర్చి ప్రింటు ఇచ్చింది. ప్రింటరు కరకరమంటూ కాగితాన్ని బయటికి తోసింది. దోర్కాస్ దాన్ని చింపి, చివర్లు సర్ది, ఒకసారి చదివింది. అక్కడే ఆగిపోయింది.

ఢిల్లీబాబు ఆమె భుజం మీదుగా చూశాడు. మూడు లెక్కలూ పక్కపక్కనే ఉన్నాయి. సంక్రాంతికి ముందు ఒకటి పాయింట్ నాలుగు. ఎండల్లో ఒకటి పాయింట్ తొమ్మిది. నిన్న రెండు పాయింట్ ఎనిమిది. ఆ ల్యాబులో పనిచేసే ఎవరికైనా, తుడిచే మనిషికైనా, ఆ మూడు అంకెలకి అర్థం తెలుసు, కిడ్నీలు వేగంగా దెబ్బతింటున్నాయని. నెల రోజులు ఆగే వ్యవహారం కాదది. ఇవాళే మేడెక్కాలి, రేపే విశాఖపట్నం బండెక్కాలి.

సిట్టెమ్మ బెంచీ మీద నుంచి లేచి వచ్చింది. కడిగిన టిఫిను డబ్బా బల్ల మీద పెట్టి కాగితం అందుకుంది. ఆమెకి చదువు రాదు. అటూ ఇటూ తిప్పి, ఇంతకుముందు ఖాళీగా ఉన్న చోట అంకెలు పడ్డాయని మాత్రం చూసుకుంది. ఆమె ముఖం విచ్చుకుంది. లైనులో ఉన్నవాళ్ళకీ, అద్దాల గదికీ వినపడేలా చెప్పింది.

"సూసినారా? నాను సెప్పలేదేటి, నాను కొత్తదాన్ని కాదని."

ఢిల్లీబాబు ఆమె చెయ్యి పట్టుకుని, సొంత అక్కని పిలిచినట్టు, రాయే అప్పా, మేడ మీదకెల్దాం అన్నాడు. తన కుర్చీ తనకి దక్కిన దోర్కాస్ ఆ కుర్చీలో తల దించుకుని, తర్వాత ఎవరో వాళ్ళని పేరు సెప్పమంది.